నడకను బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చా? సీసీ కెమెరాల కాలంలో తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు



సాయంత్రం అరుగు మీద కూర్చుంటే కాలవ గట్టు మీద దూరంగా ఎవరో వస్తూ కనిపిస్తారు. వెలుతురు తగ్గింది, ముఖం తెలియదు. అయినా "అదుగో, మీ బాబాయ్ వస్తున్నాడు" అని మీరు పిల్లలతో అనేస్తారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. ఒక భుజం కాస్త వాలి ఉండటం, చేతులు ఊపే తీరు, అడుగుకీ అడుగుకీ మధ్య దూరం, పాదం బయటికి తిరగడం వంటివన్నీ కలిపి మన బుర్ర క్షణంలో లెక్క తేల్చేస్తుంది.

ఇదే పనిని ఇప్పుడు కంప్యూటర్లకు నేర్పుతున్నారు. వీడియోలో నడిచే మనిషిని చూసి అతడెవరో చెప్పే ఈ పద్ధతిని గెయిట్ రికగ్నిషన్ అంటారు. తెలుగులో చెప్పాలంటే నడక గుర్తింపు. వేలిముద్రకు వేలు ఆనించాలి, కంటిపాప ముద్రకు యంత్రం ముందు నిలబడాలి, ముఖం గుర్తించాలన్నా కెమెరా వైపు కాస్తయినా తిరగాలి. నడక గుర్తింపుకు ఇవేవీ అక్కర్లేదు. దూరంగా, వీపు తిప్పి నడుస్తున్నా సరే, ఆ మనిషికి తెలియకుండానే పని జరిగిపోతుంది.

నగరం సెంటరు మొదలుకొని రాజోలు, అమలాపురం, కొత్తపేట దాకా దుకాణాల ముందూ, కూడళ్లలోనూ, పాఠశాలల్లోనూ కెమెరాలు ఇప్పుడు మామూలైపోయాయి. మన పిల్లలు రోజూ వాటి ముందు నుంచే నడుస్తున్నారు. అందుకే ఈ విద్య ఏం చేయగలదో, ఏం చేయలేదో, మనం ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఈ నెల తెలుసుకుందాం.

మన కంటికి ఎంత తెలుసు?

1973లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో గున్నార్ యోహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక తేలికైన ప్రయోగం చేశారు. ఒక మనిషి భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండల దగ్గర చిన్న చిన్న వెలుగులు అమర్చి చీకట్లో నడిపించారు. చూసేవారికి తెర మీద కనిపించేవి పది పన్నెండు చుక్కలే. ఆ మనిషి కదలకుండా ఉన్నప్పుడు అవి అర్థం లేని చుక్కలు. అతడు అడుగు వేయగానే మాత్రం చూసేవారు వెంటనే "మనిషి నడుస్తున్నాడు" అనేశారు. శరీరం, ముఖం, బట్టలు ఏవీ కనిపించకపోయినా కదలిక ఒక్కటే సరిపోయింది.

నడిచేది మనిషి అని తెలియడం వేరు, ఆ మనిషి ఫలానా అని తెలియడం వేరు. 1977లో అమెరికాలో జేమ్స్ కటింగ్, లిన్ కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు ఈ రెండో సంగతిని పరీక్షించారు. ఒకరినొకరు బాగా ఎరిగిన ఆరుగురు స్నేహితుల నడకలను అలాగే చుక్కలుగా చూపించి, ఎవరు ఎవరో చెప్పమన్నారు. గుడ్డిగా ఊహించినా ఆరింట ఒకటి, అంటే సుమారు 17 శాతం సరిపోవాలి. వాళ్లు 38 శాతం సరిగ్గా చెప్పారు.

ఈ అంకెలో రెండు పాఠాలున్నాయి. నడకలో మనిషి ఆనవాలు నిజంగానే ఉంది, లేకపోతే 17 దగ్గరే ఆగేది. కానీ రోజూ కలిసి తిరిగే స్నేహితులు కూడా నడక ఒక్కటే చూసి పదింట ఆరుసార్లు పొరపాటుపడ్డారు. గట్టు మీద వచ్చేది బాబాయేనని మనం చెప్పగలుగుతున్నామంటే అది నడక ఒక్కటే చూసి కాదు. ఆయన వచ్చే వేళ, వచ్చే దారి, కట్టే పంచె, చేతిలో సంచి, ఎత్తు, లావు ఇవన్నీ మనకు ముందే తెలుసు.

కంప్యూటరు ఎలా చూస్తుంది?

కెమెరా తీసేది నిజానికి వీడియో కాదు, వరుస ఫొటోలు. సెకనుకు 25 ఫొటోలు తీస్తే మన కంటికి సాఫీగా కదిలినట్టు కనిపిస్తుంది. ఒక్కో ఫొటోను ఫ్రేము అంటారు. కంప్యూటరు ఈ ఫ్రేములను దశలవారీగా పరిశీలిస్తుంది.

మొదట, కదలని వాటిని తీసేస్తుంది. గోడ, చెట్టు, రోడ్డు ప్రతి ఫ్రేములోనూ ఒకేచోట ఉంటాయి కాబట్టి వాటిని తీసివేయగా నడిచే మనిషి మిగులుతాడు. రంగులు, ముఖం, చొక్కా గళ్లు అక్కర్లేదు. తోలుబొమ్మలాటలో తెర మీద పడే నీడలాగా మనిషి ఆకారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని నీడబొమ్మ అనుకుందాం.

తరువాత, నడకలో ఒక చుట్టును వెతుకుతుంది. కుడి మడమ నేలను తాకిన క్షణం నుంచి మళ్లీ అదే మడమ నేలను తాకే దాకా ఒక చుట్టు. పెద్దవాళ్లకు మామూలు నడకలో ఇది ఇంచుమించు ఒక సెకను. అందులో సుమారు 60 శాతం సేపు ఆ పాదం నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. ఈ పాళ్లు అందరికీ దగ్గరగానే ఉన్నా, లోపలి వివరాల్లో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది.

ఆపైన, ఒక చుట్టులోని నీడబొమ్మలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తల, మొండెం పెద్దగా కదలవు కాబట్టి ఆ భాగం తెల్లగా, గట్టిగా వస్తుంది. చేతులు, కాళ్లు ఊగిన మేర మసకగా వస్తుంది. ఆ మసక ఎక్కడ ఎంత ఉందన్నదే ఆ మనిషి నడక ముద్ర. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో జూ హాన్, బీర్ భాను 2006లో ప్రచురించిన ఈ పద్ధతి చాలాకాలం ఈ రంగానికి పునాదిగా నిలిచింది. ఇప్పటి కృత్రిమ మేధ పద్ధతులు వేల మంది నడకలు చూసి ఏ వివరాలు పట్టుకోవాలో తామే నేర్చుకుంటున్నాయి.

చివరగా, ఈ ముద్రను తన దగ్గరున్న పాత ముద్రలతో పోల్చి, దేనికి ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి: యంత్రం "ఇతడే" అని చెప్పదు, "ఇతడికి ఇంత దగ్గరగా ఉంది" అని చెబుతుంది. దాన్ని "ఇతడే" అని మార్చేది మనుషులే.

ఎక్కడ తడబడుతుంది?

ఈ రంగంలో పరిశోధకులు ఎక్కువగా వాడే వీడియోల సేకరణ ఒకటి చైనాలోని బీజింగ్‌లో 2005లో తయారైంది. 124 మందిని 11 కోణాల నుంచి చిత్రీకరించారు. ఒక్కొక్కరూ మామూలుగా, సంచి పట్టుకుని, కోటు వేసుకుని నడిచారు. 2019లో గెయిట్‌సెట్ అనే కృత్రిమ మేధ పద్ధతిని ఈ వీడియోల మీద పరీక్షిస్తే, మామూలు నడకలో సగటున 95 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. సంచి పట్టుకున్నప్పుడు అది 87.2 శాతానికి, కోటు వేసుకున్నప్పుడు 70.4 శాతానికి తగ్గింది. అదే మనిషి, అదే గది. మారిందల్లా పై బట్ట. అంతమాత్రానికే పది మందిలో ముగ్గురి విషయంలో పొరపాటు. ఆ తరువాత వచ్చిన పద్ధతులు మెరుగుపడ్డాయి గాని, మామూలు నడక తేలిక, బట్టలు మారితే కష్టం అన్న వరుస మాత్రం అలాగే ఉంది.

ఇక మన సీమ సంగతి ఆలోచించండి. పరిశోధన గదిలో కోటు ఒక్కటే మారింది. ఇక్కడ ఒకే మనిషి పొద్దున పంచె ఎగ్గట్టి, మధ్యాహ్నం లుంగీ దించుకుని, సాయంత్రం ప్యాంటు వేసుకుని కనిపిస్తాడు. చీర కట్టుకున్నవారి మోకాలి కదలిక నీడబొమ్మలో కనిపించనే కనిపించదు. వానాకాలంలో బురద గట్టు మీద ఎవరైనా ఒకేలా ఆచితూచి నడుస్తారు. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలను భుజాల మీద మోస్తూ వరిచేలలో నుంచి, కౌశిక కాలువలో నుంచి నడిచేవారిని చూసే ఉంటారు. ఆ బరువు కింద ఎవరి నడకా వారిది కాదు. కొత్త చెప్పులు, కాలి నొప్పి, అలసట, తొందర కూడా నడకను మారుస్తాయి.

కెమెరా సంగతి మరొకటి. హార్డ్ డిస్కులో చోటు ఆదా చేయడానికి చాలాచోట్ల సెకనుకు తీసే ఫ్రేములు తగ్గిస్తారు. చుట్టు ఒక సెకనులో అయిపోతుంది కాబట్టి, ఫ్రేములు తగ్గే కొద్దీ అడుగు పడిన క్షణమే తప్పిపోవచ్చు. స్తంభం మీద నుంచి కిందకు చూసే కెమెరాలో కాళ్లు పొట్టిగా, తల పెద్దగా కనిపిస్తాయి. జనంలో ఒకరి నీడబొమ్మ ఇంకొకరి నీడబొమ్మతో కలిసిపోతుంది.

పిల్లల నడక సంగతి

తప్పటడుగులు వేసే పిల్లలు కాళ్లు దూరంగా పెట్టి, చేతులు పైకెత్తి నడుస్తారు. మూడేళ్లకు నడక ఒక దారికి వస్తుంది. సుమారు ఏడేళ్లకు పెద్దవాళ్ల నడకను పోలుతుంది. ఆ తరువాత కూడా ఎత్తు, బరువు పెరిగే కొద్దీ అడుగు పొడవు, వేగం మారుతూనే ఉంటాయి. కాబట్టి ఒకటో తరగతిలో తీసిన వీడియోతో ఆరో తరగతి పిల్లవాణ్ని నడకను బట్టి గుర్తుపట్టడం నమ్మదగ్గ పని కాదు. పైగా వీపున పుస్తకాల సంచి ఉంటే నీడబొమ్మ ఆకారమే మారిపోతుంది.

నడకను గమనించడం వల్ల తల్లిదండ్రులకు నిజంగా పనికొచ్చేది మరొకటి ఉంది, అది ఆరోగ్యం. పిల్లలు ఉన్నట్టుండి కుంటుతున్నా, మూడేళ్లు దాటినా ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, మెట్లు ఎక్కడానికీ నేల మీద నుంచి లేవడానికీ చేతుల ఊతం తీసుకుంటున్నా, ఇదివరకటి కన్నా తరచుగా పడిపోతున్నా పిల్లల వైద్యులకు చూపించండి. ఫోనులో అర నిమిషం వీడియో తీసుకెళితే డాక్టరుగారికి చాలా ఉపయోగం. ఆసుపత్రి గదిలో పిల్లలు బిగుసుకుపోయి, ఇంట్లో నడిచినట్టు నడవరు.

కోర్టు మెట్లెక్కిన నడక

2000లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో ఒక దోపిడీ కేసు విచారణకు వచ్చింది. ముసుగు వేసుకున్న దొంగ నడక, అనుమానితుడి నడక ఒకేలా ఉన్నాయని హేడన్ కెల్లీ అనే పాదవైద్య నిపుణుడు వీడియోలు పోల్చి సాక్ష్యం చెప్పారు. క్రిమినల్ కోర్టులో నడక విశ్లేషణను నిపుణుల సాక్ష్యంగా తీసుకోవడం దానితోనే మొదలైందని చెబుతారు.

మన పొరుగు రాష్ట్రంలోనూ అలాంటిది జరిగింది. 2017 సెప్టెంబరు 5 రాత్రి బెంగళూరులో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ తన ఇంటి ముందే హత్యకు గురయ్యారు. ఇంటి సీసీ కెమెరాలో హంతకుడి కదలికలు కొద్ది సెకన్లు నమోదయ్యాయి గాని తలకు హెల్మెట్ ఉండటంతో ముఖం కనిపించలేదు. ప్రత్యేక దర్యాప్తు బృందం ఒక నిందితుడి చేత ఆ కదలికలను మళ్లీ చేయించి వీడియో తీసింది. రెండు వీడియోలనూ గుజరాత్‌లోని గాంధీనగర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపింది. రెండింటిలో ఉన్నది ఒకే మనిషి అని ల్యాబ్ చెప్పినట్లు 2018లో పత్రికల్లో వచ్చింది. అయితే దర్యాప్తు దాని మీదే ఆధారపడలేదు. ఇతర సాక్ష్యాలు కూడగట్టి, వాటికి దీన్ని జత చేశారు. నేరం ఎవరిదో తేల్చవలసింది న్యాయస్థానమే.

మన చట్టంలో ఇలాంటి నివేదిక స్థానం ఏమిటి? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 39వ సెక్షన్ నిపుణుల అభిప్రాయాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చంటుంది. అది అభిప్రాయమే, తీర్పు కాదు. ఎదుటి పక్షం వారు ఆ నిపుణుణ్ని ప్రశ్నించవచ్చు.

నిపుణులు కూడా ఈ విషయంలో జాగ్రత్తగానే మాట్లాడుతున్నారు. 2017 నవంబరులో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ, ఎడిన్‌బరో రాయల్ సొసైటీ కలిసి న్యాయమూర్తుల కోసం నడక విశ్లేషణ మీద ఒక చిన్న పుస్తకం తెచ్చాయి. ప్రతి మనిషి నడకా ప్రత్యేకమని చెప్పడానికి ఆధారం లేదనీ, దీని వెనుక ఉన్న శాస్త్రీయ ఆధారం చాలా పరిమితమనీ అందులో స్పష్టంగా రాశారు. వేలిముద్రతోనో డీఎన్ఏతోనో దీన్ని ఒకే గాటన కట్టకూడదన్నమాట.

లక్ష మందిలో ఒక్కరు

"95 శాతం సరిగ్గా చెబుతుందంటున్నారు కదా, చాలదా?" అని అడగవచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం. అంతర్వేది తీర్థానికి లక్ష మంది వచ్చారనుకుందాం. పోలీసులు ఒకే ఒక్క మనిషి కోసం కెమెరాలతో వెతుకుతున్నారు. యంత్రం చాలా మంచిది, నూటికి ఒక్కసారే అమాయకుణ్ని చూసి "ఇతడే కావచ్చు" అంటుందనుకుందాం. లక్షలో ఒక శాతం అంటే వెయ్యి మంది. దొరకవలసిన మనిషి నిజంగానే దొరికినా, అతడితో పాటు వెయ్యి మంది అమాయకులను యంత్రం వేలెత్తి చూపుతుంది. ఇది మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా వేయగల లెక్క. వెతికే జనం ఎంత పెరిగితే పొరపాటుగా దొరికేవారు అంత పెరుగుతారు.

అలాగని సాంకేతికత అంతా చెడ్డదని కాదు. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం దర్పణ్ అనే ముఖ గుర్తింపు సాధనంతో తప్పిపోయిన పిల్లల ఫొటోలను, దేశంలోని బాలల సంరక్షణ కేంద్రాల్లో ఉన్న పిల్లల ఫొటోలతో పోలుస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని కేంద్రంలో ఉన్నట్లు దీనివల్లే తెలిసింది. ఐదేళ్ల తరువాత, 2020లో తల్లిదండ్రులు వాడిని కలుసుకోగలిగారు. అక్కడ యంత్రం ఒక దారి చూపింది, తరువాత మనుషులు సరిచూసుకున్నారు. పొరపాటు జరిగినా ఎవరికీ శిక్ష పడదు.

మరోవైపు 2021 లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగి, ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో దేనికి, ఎక్కడ ఉంచుతారు అన్న ప్రశ్నలతో ఆయన తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ముఖానికే ఇన్ని ప్రశ్నలు వస్తే, ఆపకుండా, అడగకుండా తీసే నడకకు ఇంకెన్ని రావాలి? ముఖానికి మాస్కు అడ్డం పెట్టుకోవచ్చు, నడకకు ఏం అడ్డం పెట్టుకుంటాం?

వాట్సాప్‌లో వచ్చే క్లిప్పు

యంత్రాల కన్నా ముందు మన చేతిలోని ఫోను గురించి ఆలోచించాలి. "రాత్రి మన వీధిలో తిరిగిన దొంగ ఇతడే, నడక చూడండి, గుర్తుపట్టండి" అంటూ ఏ గ్రూపులోనో మసక వీడియో వస్తుంది. ఎవరో ఒక పేరు పెడతారు, పది నిమిషాల్లో ఆ పేరు ఖాయమైపోతుంది. స్నేహితులే పదింట ఆరుసార్లు పొరపాటుపడిన విషయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి.

దీని ఫలితం ఎంత ఘోరంగా ఉండగలదో మనం చూశాం. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలుగు రాష్ట్రాల్లో పాకాయి. కొత్తగా కనిపించినవారిని, వేషం వేరుగా ఉన్నవారిని జనం కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. చూపును బట్టి, తీరును బట్టి "వీడే" అనుకోవడమే అక్కడ జరిగిన తప్పు.

అలాంటి వీడియో మీ దగ్గరకు వస్తే పేరు పెట్టకండి, ముందుకు పంపకండి. మీకు నిజంగా ఏదైనా తెలిస్తే 112కు గాని, దగ్గరి పోలీసు స్టేషనుకు గాని చెప్పండి. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. పిల్లలు తరగతి గ్రూపుల్లో తోటివారి నడకను అనుకరించి, వీడియో తీసి నవ్వుకోవడం కూడా చూస్తుంటాం. కాలి లోపం ఉన్న పిల్లలకు అది ఎంత బాధ కలిగిస్తుందో ఇంట్లో ఒకసారి మాట్లాడండి.

పిల్లల వీడియోలకు చట్టం ఏం చెబుతోంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. పిల్లల మీద నిఘా పెట్టడం, ప్రవర్తనను గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తరువాత అమల్లోకి వస్తాయి.

విద్యాసంస్థలకు ఇందులో ఒక మినహాయింపు ఉంది. చదువుకు సంబంధించిన పనుల కోసం, పిల్లల భద్రత కోసం గమనించవచ్చు. ఆ పరిధి దాటకూడదు. ఇంకోవైపు 2025 జులైలో సీబీఎస్ఈ తన గుర్తింపు ఉన్న పాఠశాలలన్నిటిలో గేట్లు, వరండాలు, తరగతి గదులు వంటి చోట్ల సీసీ కెమెరాలు ఉండాలనీ, శౌచాలయాల్లో ఉండకూడదనీ, రికార్డింగు కనీసం 15 రోజులు ఉంచాలనీ ఆదేశించింది. భద్రతకు కెమెరా అవసరమే. దాని రికార్డింగు ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా భద్రతలో భాగమే.

కాబట్టి ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు, మీ పిల్లలు ఏ పాఠశాలలో, ఏ ట్యూషన్‌లో ఉన్నా, ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి:

• కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఎక్కడ లేవు?
• రికార్డింగు ఎన్ని రోజులు ఉంటుంది? తరువాత చెరిపేస్తారా?
• దాన్ని ఎవరెవరు చూడగలరు? ఎవరికైనా ఇస్తే పుస్తకంలో రాసి ఉంచుతారా?
• ముఖాన్ని గాని, నడకను గాని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఏదైనా కలిపారా? కలిపితే మా సమ్మతి తీసుకుంటారా?
• వార్షికోత్సవం, ఆటల పోటీల వీడియోలు అందరూ చూసేలా పెడతారా, తల్లిదండ్రులకు మాత్రమేనా?

చివరి ప్రశ్న మనకు మనం కూడా వేసుకోవాలి. పిల్లల డాన్సులు, పరుగు పందేలు, రోజువారీ రీల్స్ అందరికీ కనిపించేలా పెట్టేది ఎక్కువగా మనమే. పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిస్తే మార్చుకోవచ్చు. ముఖాన్ని, పెద్దయ్యాక స్థిరపడిన నడకను మార్చుకోలేం. పెద్ద తరగతుల పిల్లల విషయంలో ఇది మరింత నిజం.

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి

సెలవు రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి చేయగల ప్రయోగం ఇది.

1. గుమ్మానికి తెల్ల దుప్పటి కట్టండి. అవతలి వైపు ఒక దీపమో, టార్చో పెట్టి, ఇవతలి గదిలో లైటు ఆర్పండి.
2. ఐదుగురు కుటుంబసభ్యులు వంతులవారీగా దీపానికీ దుప్పటికీ మధ్య నుంచి నడవాలి. వరుస ఎవరికీ చెప్పకూడదు.
3. పిల్లలు ఇవతల కూర్చుని నీడను చూసి పేరు రాయాలి. ఇలా ఇరవై సార్లు చేయండి.
4. మళ్లీ ఇరవై సార్లు, ఈసారి స్కూలు బ్యాగు తగిలించుకుని, లేదా శాలువా కప్పుకుని నడవండి.
5. రెండుసార్లూ ఎంత శాతం సరిపోయిందో లెక్క వేయండి. ఐదుగురిలో ఊహించినా 20 శాతం సరిపోతుంది. మీ పిల్లల అంకె దానికన్నా ఎంత ఎక్కువ? బ్యాగు తగిలించాక ఎంత తగ్గింది?
6. తప్పు చెప్పినప్పుడు ఎవరిని ఎవరనుకున్నారో కూడా రాయండి. తండ్రీకొడుకుల నడక కలిసిందా? అక్కచెల్లెళ్లదా?

లెక్క, జీవశాస్త్రం, కంప్యూటరు మూడూ ఒకే ఆటలో వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, కచ్చితంగా తెలుసనుకుని తప్పు చెప్పడం ఎంత తేలికో పిల్లలకు స్వయంగా తెలుస్తుంది. ఫోనులో వీడియో కూడా తీస్తే, లెక్క పూర్తయ్యాక పిల్లల చేతనే చెరిపించండి. వచ్చిన అంకెలు ఒక కాగితం మీద రాసి సైన్సు టీచరుకు ఇవ్వమనండి. తరగతి అంకెలన్నీ కలిపి చూస్తే ఇంకా బాగుంటుంది.

నడక ఒక ఆనవాలు. వెతకడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి ఒక్కటే చాలదు. ఈ ఒక్క మాట పిల్లలకు చెప్పగలిగితే, రేపు వాళ్లు కెమెరా వెనుక ఉన్నా ముందు ఉన్నా తొందరపడి వేలెత్తి చూపరు.